రెండు అద్దె కుర్చీలు

నడుం కింద చచ్చుబడిపోయిందని జనార్ధన్ పెట్టిన ఇన్సూరెన్స్ క్లెయిమ్ పచ్చి అబద్ధం. కారు గుద్దుకున్న మాట నిజమే. దెబ్బ తగిలింది మాత్రం బంపర్‌కి.

కంపెనీ చాటుగా మనిషిని పంపుతుందని, వాడు వచ్చి వెళ్ళేదాకా చస్తే చక్రాల కుర్చీ దిగొద్దని లాయరు హెచ్చరించాడు. దొరికితే జైలే. అందుకని సిద్దిరాములు కొట్లో బ్యాటరీ కుర్చీ అద్దెకు తీసుకుని, వారం నుంచి మేడ్చల్ మార్కెట్టూ బస్ డిపో చుట్టూ తిరుగుతూ ఊరి జాలంతా పోగేస్తున్నాడు. ప్లాట్లు అమ్మిన రోజుల్లో అతన్ని చూసి ఎవరూ అంత ప్రేమగా పలకరించలేదు పాపం.

ఇంతలో ఒక శాల్తీ వెంటపడింది. పేరు గోపాలరావు, యాభై దాటిన భీమవరం మనిషి. కూతుర్ని చూడ్డానికి వచ్చాట్ట. సొంత కుర్చీ రైల్లో తేలేక సిద్దిరాములు దగ్గరే ఇంకోటి తీసుకున్నాడు. ఊరు చూపించమంటూ జనార్ధన్ ఎటు వెళ్తే అటు తయారు.

కంపెనీ మనిషి వీడేనని జనార్ధన్‌కి గట్టి అనుమానం. కుంటి వేషం వేసుకుని నా దగ్గరికే వస్తాడా, వీడి సంగతి చూస్తానని పళ్ళు నూరుకున్నాడు.

దేవరయాంజాల్ గుడి చూపిస్తానన్నాడు. ట్రాలీ ఆటోలో కుర్చీలు వేయించి, నలుగురి చేత మోయించుకుని మరీ వెళ్ళాడు. గుడి బయట టీ బండి దగ్గర, పొగలు కక్కుతున్న గ్లాసు చెయ్యి జారినట్టు గోపాలరావు తొడ మీద ఒంపేశాడు.

గోపాలరావు గోపురం చూస్తూనే ఉన్నాడు. బండివాడు కేకేస్తే గానీ కిందికి చూసుకోలేదు.

"పర్లేదండీ, నాకేం తెలీదు. ఇరవై ఏళ్ళ నుంచీ ఇంతే" అని రుమాలుతో తుడుచుకున్నాడు. బండివాడు నీళ్ళకోసం పరిగెత్తాడు.

జనార్ధన్‌కి సిగ్గనిపించలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది. నిజం అవిటివాడే. గీయన ఆఫీసర్ ఏంది, నా బొంద అనుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో జనార్ధన్‌కి వార్డు టికెట్ ఇప్పించాల్సిన పెద్ద లీడరు. ఆయనతో ఫోన్లోనైనా సరే, కూర్చుని మాట్లాడే అలవాటు జనార్ధన్ వంశంలోనే లేదు. చటుక్కున లేచి, నడుం వంచి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, అన్నా అన్నా అంటూ బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు.

ఫోన్ పెట్టేశాక గానీ తన ఖాళీ కుర్చీ కనబడలేదు. అయినా బెదరలేదు. కాళ్ళు రానివాడు ఏం పీకుతాడులే అని ధీమా.

"ఏమనుకోకు సార్. నా కాళ్ళు మంచిగనే ఉన్నయి. ఇన్సూరెన్స్ ఆఫీసర్ వొచ్చి వోయేదాంక గీ వేషం. ఎవ్వలకు జెప్పకు" అన్నాడు కన్ను గీటి.

గోపాలరావు తడి రుమాలు నెమ్మదిగా మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఆఫీసర్ని నేనేనండీ. కాళ్ళు పడిపోయినవాళ్ళకి ఉద్యోగాలుండవనుకున్నారా?"