ముందు బెంచీ

“ఆవిడ రాదు. రాసిపెట్టుకో,” అంది అత్తగారు, బైబిలు సంచీ భుజానికి తగిలించుకుంటూ.

“వస్తుందత్తయ్యా. వస్తానని తలూపింది.”

“ఏ దేశంలో తల ఎలా ఊపుతారో నీకేం తెలుసే? రానని ఊపిందేమో!”

కోడలు చర్చి గేటు పట్టుకుని వీధి చివరికే చూస్తూ నిలబడింది. ఆమె ఆ వీధిలోనే ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. ఏటా ఈ ఆదివారం ఆ చర్చిలో అన్ని దేశాల కోసం ప్రార్థన చేస్తారు. కొత్తవాళ్ళని వెంట తెచ్చినవాళ్ళు, వాళ్ళ చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి ముందు బెంచీలో తమ పక్కన కూర్చోబెట్టుకుంటారు. కోడలిది ఎప్పుడూ వెనక బెంచీయే. ఈసారి మాత్రం పాస్టరుగారితో ధైర్యంగా అనేసింది, “నేనూ ఒకరిని తెస్తానండీ, సముద్రం అవతలి మనిషిని,” అని.

పాస్టరుగారు ఆ సంతోషం పట్టలేక కిందటి ఆదివారం అందరికీ చెప్పేశారు.

“ఇంతమందికీ తెలిసిపోయింది. రాకపోతే తల ఎక్కడ పెట్టుకుంటావ్?” అంది అత్తగారు.

“నా తల సంగతి వదిలేయండి. దేవుడు ప్రేమిస్తున్నాడని ఆవిడకి ఒక్కళ్ళూ చెప్పినట్టు లేదు. ఈ వీధిలో ఆవిడని చూసి నవ్వేది నేనొక్కదాన్నే. నేనూ వదిలేస్తే ఇంకెవరు పట్టించుకుంటారత్తయ్యా?”

“మిషనరీవి కావే నువ్వు, కుట్టు మిషను తొక్కేదానివి! ఆవిడ మాట నీకు రాదు, నీ మాట ఆవిడకి రాదు. ఏ భాషలో చెప్పావు సువార్త?”

“చేతులతో.”

అబద్ధం కాదు. మేడ మీద గదిలో అద్దెకి దిగిన ఆ విదేశీయురాలి పేరు ఎవరికీ నోరు తిరగక, ఎండకీ వానకీ గొడుగు వదలదని ‘గొడుగావిడ’ అనేశారు. మొదట గౌను అంచు కుట్టించుకోవడానికి వచ్చింది. తర్వాత కుట్టించుకునేది ఏమీ లేకపోయినా వచ్చి, గుడ్డ ముక్కల సంచీ పక్కకి జరిపి ముక్కాలిపీట మీద కూర్చునేది. మిషను ఆగినప్పుడల్లా ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ ఏదో ఒకటి చెప్పుకునేవాళ్ళు.

“నేను పైకి చూపించి చేతులు జోడించానా, ఆవిడా అచ్చం అలాగే జోడించింది. నేను కళ్ళు మూసుకుంటే తనూ మూసుకుంది. ఎంత తొందరగా పట్టేసిందో! మొన్నయితే ఈ చర్చివైపు చెయ్యి చూపించబోయానో లేదో, తనే నన్ను పట్టుకుని లాగింది. ఆత్మదాహం అంటే అదీ!”

“దాహమైతే మంచినీళ్ళు ఇవ్వాల్సింది,” అంది అత్తగారు. కానీ ఆమె కళ్ళు కూడా వీధి చివరికే వెళ్ళాయి.

లోపల మొదటి పాట అయిపోయింది. రెండోది అందుకున్నారు. గేటు పట్టుకున్న కోడలి పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి.

మలుపు తిరిగి గొడుగు కనిపించింది. దాని కింద ఒక మనిషి పరుగులాంటి నడకతో వస్తోంది. దగ్గరికొచ్చి, గేటు దగ్గర నిలబడ్డ కోడలిని చూసి ఆగిపోయింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. రొప్పుతూనే ఆమెని గట్టిగా వాటేసుకుంది.

“వచ్చేసింది! ప్రభువా, నీకు స్తోత్రం!” కోడలూ ఏడ్చేసింది.

“సర్లే సర్లే, ఆ గొడుగు ఇటివ్వమను. లోపల ఎవరి కంట్లోనైనా పొడుస్తుంది,” అంటూ అత్తగారే గొడుగు అందుకుని, జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుంది.

చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇద్దరూ ముందు బెంచీ దాకా నడిచారు. పాట ముగియగానే పాస్టరుగారు కోడలిని సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

“దేవుడు లోకాన్ని ప్రేమించాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. లోకం అంటే ఎక్కడో దూరంగా ఉంటుందనుకున్నాను. అది వచ్చి నా కుట్టు మిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంటుందనుకోలేదు. వీధి దాటి ఎరగనిదాన్ని, నా దగ్గరికి సముద్రం అవతలి నుంచి ఒక మనిషిని నడిపించాడు. ఆయనకి ఎన్ని వందనాలు చెప్పినా నా బాకీ తీరదండీ.”

వెనక బెంచీలో అత్తగారు గట్టిగా ముక్కు చీదింది.

కోడలు కూర్చోగానే గొడుగావిడ లేచింది. తనూ మాట్లాడతానని సైగ చేసింది. కుర్రతనంలో ఓడల్లో వంట చేసిన ‘ఓడ మావయ్య’కి ఆ దేశపు భాష కొంచెం వచ్చు. పాస్టరుగారు ఆయన్ని ముందుకి పిలిచారు. గొడుగావిడ కన్నీళ్ళు తుడుచుకుంటూ ఒక్కో మాటా చెబుతుంటే, ఆయన చెవి ఒగ్గి విని తెలుగులో చెప్పసాగాడు.

“దేవుడికి కృతజ్ఞతలు అంటోంది.”

“ఆమెన్!” అంది కోడలు అందరికంటే ముందు.

“ఈ రోజు కోసం ఎంతో ఏడ్చి ప్రార్థన చేసిందట.”

“విన్నారా అత్తయ్యా!” కోడలు వెనక్కి తిరిగి చూసింది.

తర్వాతి మాట దగ్గర ఓడ మావయ్య ఆగిపోయాడు. గొడుగావిడని ఏదో తిరిగి అడిగాడు. ఆవిడ మళ్ళీ అదే చెప్పింది, ఇంకా ఆనందంగా. ఆయన బుర్ర గోక్కుని కోడలి వైపు చూశాడు.

“ఏమంటోంది మావయ్యా?”

“వాళ్ళ దేశంలో చర్చివాళ్ళు ఈవిడని మన దగ్గరికి మిషనరీగా పంపారటమ్మా. ఇక్కడ దొరికిన మొదటి ఆత్మవి నువ్వేనట. ఇన్నాళ్ళకి నిన్ను చర్చికి తీసుకురాగలిగానని ఏడుస్తోంది!”