అగరొత్తుల ఫిర్యాదు

నా పేరు గెడ్డం జ్ఞానమ్మ. వయసు డెబ్బై దాటింది. నివాసం రాజోలు. ఇంట్లో నేనూ, పదహారేళ్ళ మనవరాలు స్టెల్లా, ఇద్దరమే. నాకు చదువు రాదు. హెడ్ కానిస్టేబుల్ గారు నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను.

పోయిన వారం ఎదురింటి సురేంద్ర మీద ఇక్కడే ఫిర్యాదు రాయించాను. మాది ఏసుప్రభువును నమ్ముకున్న ఇల్లు. అలాంటి ఇంట్లో పిల్ల తలుపేసుకుని అగరొత్తులు వెలిగించడం మొదలుపెట్టింది. క్యారేజీ తినకుండా తెచ్చేస్తుంటే సోమవారం ఉపవాసాలు పట్టిందనుకున్నాను. కళ్ళు ఎర్రగా ఉంటే వాడి కోసం ఏడుస్తోందనుకున్నాను. ప్రేమ పేరు చెప్పి వాడు పిల్లను తన మతంలోకి లాక్కుంటున్నాడని రాయించాను.

దానికి ముందు రోజే అతను మా గుమ్మం దాకా వచ్చాడు.

“మామ్మగారూ, అది పూజ కాదండీ. గంజాయి వాసన తెలీకుండా వెలిగిస్తోందండి. ఓసారి గదిలోకెళ్ళి చూడండి.”

“నా పిల్ల మీద నిందలేస్తావుట్రా, సచ్చినోడా!” అని చీపురు తిరగేశాను. గదిలోకి మాత్రం వెళ్ళలేదు.

నిన్న స్టెల్లా డాబా మీద నుంచి పడిపోయింది. పరీక్షలో గంజాయి తేలిందని అమలాపురంలో డాక్టరు గారు చెప్పారు. పిల్ల ఇంకా కళ్ళు తెరవలేదు. నాకు ఏడుపు రావడం లేదు.

సురేంద్ర మీద ఫిర్యాదు కొట్టేయండి.

“సాక్షులెవరండీ, మామ్మగారూ?”

“పిల్లని ఆసుపత్రికి మోసుకెళ్ళినోళ్ళేనండి. బయటే ఉన్నారు, పిలవండి.”

జ్ఞానమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: ఆటో డ్రైవరు గణపతి, ఎదురింటి సురేంద్ర.