జేబులో ప్లగ్గు

"ఆగండాగండి! ముందు ఆ ప్లగ్గు పీకండి!"

ఆ కేకకు, అద్దెకు రంపం తీసుకుంటున్న వడ్రంగి చేతిలోంచి పానా జారి కింద పడింది.

కరెంటు రంపాలు, డ్రిల్లులు బాగుచేసి అద్దెకిచ్చే కొట్టు అది. కార్ఖానాలో పని మానేసి నాన్న పెట్టాడు. నాన్న పోయాక కూతురు నడుపుతోంది. అందరూ ఆమెను మెషీన్లమ్మ అంటారు. ఆ కొట్టు మెషీను పట్టిన చేతికి గాయం కాదని ఒక పేరుంది. నాన్న సంపాదించిన ఆ పేరు తన హయాంలో పోకూడదన్నదే ఆమె బెంగ.

"బ్లేడు మార్చడమేగా అమ్మా. స్విచ్చి కట్టేసే ఉంది," అని నసిగాడు వడ్రంగి.

"స్విచ్చిని నమ్మకూడదు. ప్లగ్గు పీకి జేబులో పెట్టుకోండి. బ్లేడు బిగించాకే బయటికి తీయాలి."

"పీకితే చాలదా? జేబులో ఎందుకు?"

మెషీన్లమ్మ దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఆమె గొంతు ఇంకాస్త పెరుగుతుంది.

"మా నాన్న పద్ధతి! కాదంటే అటు చూడండి."

మూలన బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఎడమచెయ్యి పైకెత్తాడు. బొటనవేలు, చూపుడువేలు ఉన్నాయి. తక్కిన వేళ్ళకు మొదళ్ళే మిగిలాయి.

"ప్లగ్గు తియ్యకపోతే అంతే సంగతులు," అంది మెషీన్లమ్మ.

"అంతే సంగతులు," అని పెద్దాయన కూడా నవ్వుతూ తలూపాడు.

వడ్రంగి గబుక్కున ప్లగ్గును జేబులో కుక్కుకున్నాడు.

పెద్దాయనకు ఆమె పెట్టిన పేరు బ్రష్షుల బాబాయి. ఏటా ఒకసారి, చలి మొదలయ్యే రోజుల్లో, పాత డ్రిల్లు ఒకటి మెత్తని గళ్ళ గుడ్డలో చుట్టుకుని వచ్చేవాడు.

"లోపల బ్రష్షులు అరిగాయేమో చూడు తల్లీ."

మోటారుకు కరెంటు అందించే ఆ బొగ్గుముక్కలు వాడితేగా అరగడానికి!

"వాడని మెషీనుకు సర్వీసెందుకు బాబాయ్?"

"వాడకపోతే మూలపడుతుంది తల్లీ, నాలాగే."

ఆ గళ్ళ గుడ్డ విప్పినప్పుడల్లా ఆమెకు నాన్న ఉన్న రోజులు గుర్తొచ్చేవి. బాబాయి గుమ్మంలో కనబడితే చాలు, నాన్న చేతిలో పని వదిలేసేవాడు. ఆ డ్రిల్లును ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తానే విప్పి, దుమ్ము ఊది, బేరింగుకు గ్రీజు పూసి, ఎక్కడైనా చిట్లిందేమోనని వైరంతా వేళ్ళతో తడిమేవాడు. గ్రీజు వాసన, రేడియోలో సన్నగా ఏదో పాట, ఇద్దరి మధ్యా చల్లారిపోయే టీ. పట్టుమని పది మాటలు కూడా ఆడుకునేవాళ్ళు కాదు. అయినా ఆ మధ్యాహ్నాలంటే ఆమెకు ప్రాణం. బడి వదలగానే నేరుగా కొట్టుకే పరుగెత్తుకొచ్చేది.

ఒకసారి ఆమె నాన్న ఎదుటే బాబాయి చెయ్యి ఎవరికో చూపించి పాఠం చెప్పింది. నాన్న లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

"పిల్ల మంచిమాటేగా చెప్పింది, పోనీలే," అని బాబాయే లోపలికి వినబడేలా అన్నాడు.

నాన్న ఎందుకలా వెళ్ళిపోయాడో ఆమెకు అప్పుడూ అర్థం కాలేదు, ఆ తరువాత చాన్నాళ్ళూ అర్థం కాలేదు.

ఆ వడ్రంగి వచ్చిన మరుసటి ఏడు చలి వచ్చింది కానీ బాబాయి రాలేదు. ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో గళ్ళ గుడ్డ మూట చూడగానే ఆయన భార్య అని మెషీన్లమ్మకు తెలిసిపోయింది.

"బాబాయి రాలేదేం పిన్నీ?"

"ఇంక రారమ్మా. వానల్లో పోయారు. ఇది నీకిమ్మన్నారు."

మెషీన్లమ్మ మూట అందుకుని గుడ్డ విప్పింది. ఏం చేయాలో తోచక డ్రిల్లు విప్పబోయింది. చేతులు వాటంతటవే దాని ప్లగ్గును జేబులో వేశాయి.

పెద్దావిడ ఆ జేబువైపే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వూ అలాగే చేస్తావా?"

"నాన్న పద్ధతి పిన్నీ. పాపం, ఆ రోజు బాబాయి కూడా ప్లగ్గు తీసి ఉంటే..."

"తీశారమ్మా."

"ఆఁ?"

"కార్ఖానాలో ఉన్నప్పటి మాట. ప్లగ్గు తీసే బ్లేడు విప్పుతున్నారు. స్విచ్చి ఆన్‌లోనే ఇరుక్కుని ఉంది, చూసుకోలేదు. కొత్తగా చేరినతను ఒకడు, ప్లగ్గు ఊడి పడిందేమో అనుకుని మళ్ళీ గుచ్చాడు."

"మరి అందరూ బాబాయిదే తప్పని..."

"నేనే తియ్యడం మరిచిపోయానని ఈయనే చెప్పారు. అవతల మనిషి అప్పుడే పెళ్ళైనవాడు, పని పోతే ఎలాగని. నాకు కూడా మొన్న మంచం పట్టాకే చెప్పారు."

"ఎవరు పిన్నీ అతను?"

 పెద్దావిడ చూపు కౌంటరు వెనక, నాన్న కూర్చునే ఖాళీ స్టూలు మీద ఆగింది. తరువాత మెషీన్లమ్మ తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆ చెయ్యిని ఎంతమందికి చూపించింది తను! సిగ్గుతో, దుఃఖంతో ఆమెకు కళ్ళు నిండిపోయాయి. చెప్పుకుందామంటే వినడానికి ఇద్దరూ లేరు.

సాయంత్రం రంపం అద్దెకు కావాలని ఒక మేస్త్రీ వచ్చాడు.

"ప్లగ్గు పీకాను కదమ్మా. మళ్ళీ జేబులో ఎందుకు? చాదస్తం కాకపోతే!"

మూలన బెంచీ ఖాళీగా ఉంది. నాన్న పద్ధతి అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. నాన్న పేరు గురించి ఒక్క క్షణం ఆలోచించింది.

"ఒకాయన కూడా మీలాగే శుభ్రంగా ప్లగ్గు పీకి పని చేసుకుంటున్నాడండీ," అంది మెషీన్లమ్మ. "మళ్ళీ పెట్టింది మా నాన్న."