లక్ష్మీవారం ఐసు

“నా పిల్లకి ఐసిచ్చీవరకూ ఈ గేటు ముయ్యలేరు!”

గంగాభవాని ఐసు మిల్లు గేటుకి అడ్డంగా కూర్చుంది. బర్మాలో, యాంగోన్ ఊళ్ళో చిమిండైంగ్ రేవు పక్కన ఉన్న మిల్లు అది.

గుమాస్తా ధర్మరాజు తల పట్టుకున్నాడు.

“చీటీ ఉన్నోళ్ళకే ఐసమ్మా. జనరేటర్ మీద నడుస్తున్న మిల్లు. నేనేటి చేస్తాను?”

“నువ్వేటి చేస్తావో నాకక్కర్లేదు. నేను లెగను.”

చలికాలంలో గాలివానేమిటని యాంగోన్‌లో అందరూ నవ్వుకుంటుండగానే వచ్చి పడింది. ఆమె ఉండే వీధిలో కరెంటు స్తంభాలన్నీ పడుకున్నాయి. మామూలు రోజుల్లోనే కరెంటు చుట్టంలా వచ్చిపోయే ఊరు. ఇప్పుడు నాలుగు రోజులుగా అసలు లేదు.

కూతురు మణిమాలకి పదకొండేళ్ళు. చక్కెర జబ్బు. పూటపూటా సూది పడాలి. రెండు నెలలకి సరిపడా మందు ఫ్రిజ్‌లో ఉంది. ఆ ఫ్రిజ్ ఇప్పుడు ఉత్త బీరువా. ఇన్నాళ్ళూ అంగట్లో దొరికిన ఐసుతో నెట్టుకొచ్చింది, ఇప్పుడదీ లేదు. దుకాణాల్లో మందు దొరకడం లేదు. ఉన్న మందు చల్లదనం పోతే పాడవుతుంది. మందు పాడైతే పిల్ల దక్కదు.

కింది వాటా నీలకంఠం సలహా చెప్పాడు. “పిల్లని తీసుకుని మాండలే పోరాదా? మా చెల్లి ఉంది.”

“మందుని పొద్దల్లా బస్సులో ఉడకబెట్టమంటావేటి? నేను కదల్ను బాబూ. ముందు ఈ చీకటినే కదలమను!”

అలా అన్న మనిషి గేటు దగ్గర లేస్తుందా?

చీటీల వరసలోంచి ఓ సన్నటి మనిషి బయటికొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, తడిసిన చొక్కా.

“ఇల్లెక్కడమ్మా? లెగు. కరెంటొచ్చీదాకా రోజూ నేను తెస్తాను.”

ఆమె చేతిలో ఉన్న డబ్బు అతని చేతిలో కుక్కింది. అతను చూడకుండానే జేబులో వేసుకున్నాడు. ఐసు బేరగాడు కాబోలనుకుంది. పేరు కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఐదో అంతస్తులో గంట మోగింది.

ఆ వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ కిందికి ఓ తాడు వేలాడుతుంది. పైన గంట, కింద కొక్కెం. కూరలైనా, పేపరైనా దాని మీదే పైకొస్తాయి. ఇప్పుడు ఊకలో చుట్టిన ఐసు గోనె వచ్చింది.

విప్పి చూసి గంగాభవాని బాల్కనీలోంచి అరిచింది. “ఇంతేనా? మిగతా సగం ఎవలికి అమ్మీసినావు?”

కింద అతను తలగీరుకున్నాడు. “ఇయ్యాలకి ఇంతేనమ్మా.”

ఆ ముక్కతోనే పూట గడిచింది.

ఇంతలో మార్గశిర లక్ష్మీవారం వచ్చింది. విశాఖ నుంచి ముత్తవ్వ తెచ్చుకున్న నోము అది. ఆ రోజు ఆ ఇంట్లో చేప పేరు కూడా ఎత్తరు. గోనె పైకి రాగానే గుప్పుమంది.

“ఓలమ్మో! లక్ష్మీవారం పూట నీసు కంపు నా కొంపలోకా? బుద్ధుందేటయ్యా నీకు?”

“బుద్ధుంది గానీ వేరే గోనె నేదమ్మా.”

ఐసు వదులుకోలేదు. అలాగని గడప దాటనివ్వలేదు. బాల్కనీలోనే పెట్టి చెంబుడు పసుపు నీళ్ళు పోసింది. కంపు పోలేదని ఇంకో చెంబు పోసింది. ముక్క కాస్తా కొబ్బరి చిప్పంత అయింది.

“సూడు, ఏటి మిగిలిందో! రేపు పెద్దది తే!”

“ఐసుకి తానం పోసినావేటమ్మా?”

“పోస్తాను. నా ఇల్లు, నా ఇష్టం!”

వీధంతా నవ్వింది. అతనూ నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి దిమ్మ రెండింతలైంది. తాడు లాగుతుంటే గంగాభవాని చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఒక్కరోజూ ఎవర్నీ సాయం పిలవలేదు. తర్వాతి లక్ష్మీవారానికి అతనే గోనెకి పసుపు నీళ్ళు చల్లి మరీ తెచ్చాడు. తిట్టడానికి ఇంకేమీ దొరక్క, ఆలస్యమైందని తిట్టింది.

పద్దెనిమిదో రోజున కరెంటొచ్చింది. వీధి వీధంతా కేకలు పెట్టింది. మందు చెడలేదు. మణిమాల పుస్తకాల సంచి తగిలించుకుని బడికి పరుగెత్తింది.

“గెలిసినాను!” అంది గంగాభవాని, ఫ్రిజ్ తలుపు మీద ఒక్క చరుపు చరిచి.

ఆ మర్నాడు పరమాన్నం వండి, క్యారేజీలో సర్దుకుని మిల్లుకి వెళ్ళింది. తిట్టిన తిట్లకి ఇంతకన్నా ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

“ఐసాయన ఏడీ?” అని ధర్మరాజుని అడిగింది.

“దండాసా? నిన్ననే పాతిన్ రేవుకి ఎల్లిపోనాడమ్మా. అక్కడ పరాయి పడవ మీద కూలీకి.”

“పరాయి పడవేటి?”

“ఆడి సొంత పడవ గాలివానలో కొట్టుకుపోనాది కదా. రోజూ అంత దూరం ఎందుకు మోస్తావురా అని నేనూ అడిగినాను. ‘నా పడవని పట్టుకుపోనాది, ఆ పిల్లనెలాగ పట్టుకుపోతాదో నేనూ సూస్తాను’ అన్నాడు.”

గంగాభవాని క్యారేజీ కింద పెట్టేసింది. ఆ మనిషిని వీధి మొత్తం వినేలా ఎన్ని మాటలంది! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“మరి ఇక్కడ ఐసు బేరం ఒగ్గీసి కూలీకెందుకు ఎల్లినాడయ్యా?”

ధర్మరాజు ఆమెకేసి వింతగా చూశాడు.

“ఐసు బేరమేటమ్మా, పడవ పోనాక దండాసి చేపలు కొని అమ్ముకునీవోడు, బుట్టల మీద ఎయ్యమని రోజుకొక్క దిమ్మిస్తే ముందు సగం, తరవాత మొత్తం నీ ఇంటికే మోసీసి, సరుకంతా కుళ్ళబెట్టుకున్నాడు.”