గుళ్లో సామి పేరు

దక్షిణ ఫ్రాన్సులో, ద్రాక్షతోటల మధ్య ఉన్న ఆ అద్దె ఇంటికి చేరేసరికి చీకటి పడింది. ఈ ప్రయాణం మా వరలక్ష్మి కోరిక. టిక్కెట్లు తీసుకున్నాక తను పోయింది. ఒక్కడినే వచ్చాను. ఇంటామె తాళంచెవి ఇచ్చి, అడక్కుండానే పాలు కాచిపెట్టి వెళ్లిపోయింది. దగ్గర్లో మరో ఇల్లు లేదు.

మార్కాపురం నుంచి బావమరిది రంగయ్య ఫోన్ చేశాడు.

"చేరినావా బావా? ఎట్లుంది ఆ దేశం?"

"చీకట్లో గిద్దలూరు లాగే ఉంది."

"దానికి ఇంత ఖర్చా? అక్క ఉంటే నిన్ను కడిగేసేది."

నవ్వి ఫోన్ పెట్టేశాను. దీపం ఆర్పగానే తోటలోంచి పిలుపు వినిపించింది.

"చెన్నకేశవులూ."

గొంతు వరలక్ష్మిదే. కానీ ముప్పై ఏళ్ల కాపురంలో తను ఒక్కసారీ నా పేరు పలకలేదు. ఆస్పత్రిలో నర్సు భర్త పేరు అడిగినా, "మా మార్కాపురం గుళ్లో సామి పేరేనమ్మా" అంది. ఇంకెప్పుడు పలుకుతావని ఉడికించాను.

"ఫ్రాన్సుకు పోతాం గదా, ఆడ పిలుస్తాలే. మనోళ్లెవరూ ఇనరు."

రెండోసారి పిలుపు తలుపు అవతలే వినిపించింది.

రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకొద్దని మా అమ్మ చెప్పేది. మనుషులైతే మూడోసారీ పిలుస్తారు. కానివైతే రెండుతో ఆగిపోతాయి.

గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. పాల మీద మీగడ కట్టింది. మూడో పిలుపు రాలేదు.

"వస్తున్నా" అన్నాను.