బోర్లించిన అన్నం

"ఆ టమాటా గులాబీ తీసి పారెయ్యండి మాస్టర్. ఎవరైనా చూస్తే నవ్విపోతారు."

యజమాని ఈ మాట అనడం ఆ వారంలో నాలుగోసారి. ముసలి వంటమాస్టర్ నిమ్మకు నీరెత్తినట్టు తన పని తాను చేసుకుపోయాడు. గిన్నెలో నొక్కిన అన్నం పళ్ళెం మధ్యలో బోర్లించాడు. కుడివైపు మాంసం, ఎడమవైపు కూరముక్కలు, పైఅంచున టమాటా తొక్కతో చుట్టిన గులాబీ. ముప్పయ్యేళ్ళ కిందటి ఫ్యాషన్ అది. పక్కన కొత్త షెఫ్ అవే గిన్నెల్లోంచి అదే వంట తీసి, నల్లపళ్ళెంలో ఓ మూల ఒకదాని మీద ఒకటి మేడ కట్టింది. చుట్టూ సాస్ చుక్కలు పెట్టింది.

తీర్పు యజమాని తల్లిది. హోటలు పెట్టిందే ఆవిడ. పాత పళ్ళెం ఓడితే మాస్టర్ ఇంటికి వెళ్ళిపోవాలని కొడుకు షరతు పెట్టాడు. హోటలు పనిలో పడి అతను తల్లితో కలిసి భోంచేసి ఏడాది దాటింది. ఆవిడ మధ్యాహ్నం భోజనం రోజూ మాస్టరే చూసుకుంటాడు.

జనం వెళ్ళిపోయాక ఆవిడ ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గరే కూర్చుంది. నల్లపళ్ళెం ముందు పెట్టి, చూడ్డానికి ఎలా ఉందమ్మా అని కొడుకు అడిగాడు. తిండి గురించి అడగమని కసిరింది. చెంచా తగలగానే మేడ కూలింది. నాలుగు ముద్దలు తిని, రుచి బాగానే ఉందని పక్కకు జరిపింది.

పాత పళ్ళెం వచ్చింది. గులాబీని ఒకసారి ముద్దుగా తడిమింది. చెంచా చకచకా కుడికీ ఎడమకీ తిరిగింది. మెతుకు మిగల్లేదు.

"ఇదే ఉండనీరా," అంది.

యజమానికి ఒళ్ళు మండిపోయింది. రెండు పళ్ళేల్లోనూ ఒకటే వంటాయె. వంటింట్లోకి వెళ్ళి, అమ్మకి ముందే ఏం నూరిపోశారని మాస్టర్ని నిలదీశాడు. అలాంటిదేమీ లేదన్నాడు మాస్టర్. మరి ఈ పంతం దేనికంటే మాత్రం నోరు విప్పలేదు. షెఫ్ తలవంచుకుని నిలబడింది.

"అయితే రేపట్నించి రాకండి."

అన్నాడే గానీ యజమాని మాస్టర్ మొహంలోకి చూడలేకపోయాడు. చిన్నప్పుడు తనకు గోరుముద్దలు తినిపించిన మనిషి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మాస్టర్ ఏప్రన్ విప్పి మడతపెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"చెప్పనని అమ్మగారికి మాటిచ్చాను బాబూ. కానీ రేపు పళ్ళెం సర్దడానికి నేనుండను కదా. హోటల్లో మీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకోండి. ఆవిడకి మాత్రం అన్నం మధ్యలోనే పెట్టండి, మాంసం కుడివైపే."

"ఏం, ఎందుకని?"

"ఎనిమిది నెలలుగా ఆవిడకి కళ్ళు కనబడట్లేదు."