తడిబట్టల మొక్కు

తడి తెలియని ఒంటితో తడిబట్టల మొక్కు తీరుతుందా అన్న అనుమానం వరహాలమ్మను ఏళ్ళ తరబడి తొలుస్తోంది.

కూతురు పావని పసిగుడ్డుగా ఉండగా జ్వరంతో కాలిపోయింది. బిడ్డ బతికితే తడిబట్టలతో గుడి చుట్టూ తిరుగుతానని వరహాలమ్మ అమ్మవారికి మొక్కుకుంది. బిడ్డ బతికింది. ఆ వేసవిలోనే ఎండలకు తాళలేక, పసిపిల్లలతో సహా ఊరంతా ఒంటికి ఎండపొర అతికించుకుంది. పొర ఉంటే వేడీ చలీ తెలియవు. చల్లదనం తెలియని చర్మానికి తడీ తెలియదు. మొక్కు తీరిందనిపించక ఏటా ఆమె నీళ్ళు పోసుకునే తిరిగింది. పొడిబట్టల్లో తిరిగినట్టే ఉండేది.

ఈ ఏడు గుడి బావి దగ్గర పొర ఒలిచేసింది.

“మతి పోయిందేటే నీకు? తీసిన పొర మళ్ళీ అతకదు. ఇక వేసవులన్నీ గదిలోనే!” అని భర్త సూర్రావు కేకలేశాడు. “చీర తడిస్తే చాలదేటి అమ్మోరికి?”

“మొక్కింది చీర కాదయ్యా, నేను.”

పావని బిందెడు నీళ్ళు గుమ్మరించింది. వరహాలమ్మ ఒళ్ళు జల్లుమంది, పళ్ళు టకటకలాడాయి.

“నొప్పెడతందేటమ్మా?” పావని బెదిరిపోయింది.

“లేదే, చల్లగుంది.”

“చల్లగంటే ఎలాగుంటాదమ్మా?”

పదహారేళ్ళ పిల్ల బుగ్గను తడిచేత్తో నిమిరి, వరహాలమ్మ గుడివైపు నడిచింది. వణుకుతూనే ప్రదక్షిణలు ముగించి, గడపకు తల ఆనించింది.

“నీ బాకీ తీరిపోనాది తల్లీ. ఇంక నిన్నేటీ అడగను.”